ముందుంది ముసళ్ల పండగ: అర్థం, పుట్టుక, వాడుక గురించి తరచుగా అడిగే ప్రశ్నలు

ఇంట్లో, ఆఫీసులో, బస్టాండులో, టీవీ చర్చల్లో రోజుకోసారైనా చెవిన పడే మాట ఇది. అర్థం అందరికీ తెలిసినట్టే ఉంటుంది. కానీ ఎక్కడ అతుకుతుంది, ఎక్కడ అవతలి మనిషిని నొప్పిస్తుంది అనే దగ్గర చాలామంది తడబడతారు. ఈ మాట మీద నాకు మక్కువ ఎక్కువ. అందుకే పిల్లలు, టీచర్లు, కొత్తగా రాస్తున్నవాళ్లు తరచుగా అడిగే ప్రశ్నలకు ఇక్కడ కాస్త వివరంగానే జవాబులు రాస్తున్నాను.

“ముందుంది ముసళ్ల పండగ” అంటే ఏమిటి?

ఇప్పుడు పడుతున్నది అసలు కష్టం కాదు, అంతకన్నా పెద్దది ఇంకా రావాల్సి ఉంది అని అర్థం.

ఈ మాట సరిగ్గా పలకాలంటే మూడు సంగతులు కుదరాలి. మొదటిది, ఇప్పుడు కళ్ల ముందున్న లేదా ఇప్పుడే గట్టెక్కిన ఒక చిన్న కష్టం. రెండోది, ముందు రాబోయే పెద్ద కష్టం. మూడోదాన్ని చాలామంది పట్టించుకోరు: ఆ చిన్నదాంతోనే పని అయిపోయిందని వినేవాడు ఊపిరి పీల్చుకుంటూ ఉండాలి, లేదా దానికే బెంబేలెత్తిపోతూ ఉండాలి. అప్పుడే ఈ మాటకు బలం. ఇంజినీరింగ్‌లో చేరిన కుర్రాడు మొదటి నెలలో జరిగిన చిన్న టెస్టుకే “అమ్మో, ఎంత టెన్షన్ పడ్డానో” అంటాడు. “అప్పుడే అయిందా? సెమిస్టర్ పరీక్షలు రానీ, ముందుంది ముసళ్ల పండగ” అంటాడు సీనియర్. మూడు సంగతులూ అందులో ఉన్నాయి.

పండగంటే సంతోషం కదా, కష్టానికి ఆ పేరెందుకు పెట్టారు?

పండగ ఎవరిదో చూడండి. మనది కాదు, ముసళ్లది. నీళ్లలో దిగిన మనిషి దొరికితే ముసళ్లకు విందు. ఆ విందులో మనం అతిథులం కాదు, వడ్డన. తెలుగు మాట్లాడేవాళ్లు భయాన్ని భయంగా చెప్పకుండా వెటకారం వెనక పెట్టి చెప్పే తీరు ఇది. “ముందు నీకు చాలా ప్రమాదం ఉంది” అంటే వినేవాడు బిక్కచచ్చిపోతాడు. “ముందుంది ముసళ్ల పండగ” అంటే నవ్వుతూనే జాగ్రత్త పడతాడు.

ఈ మాట ఎలా పుట్టింది?

ఎక్కువగా చెప్పుకునేది ఏరు దాటే కథ. వంతెనలు లేని రోజుల్లో కృష్ణ, గోదావరి, మంజీర లాంటి నదుల్ని పడవల మీదో, పుట్టిలోనో, నీళ్లు తగ్గిన వేసవిలో కాలినడకనో దాటేవాళ్లు. రేవులో మోకాలి లోతు దగ్గరే కాళ్లు వణికిన కొత్త మనిషిని చూసి, ఆ దారి అలవాటైన మనిషి “ఇక్కడే ఇలా అయితే ఎలా? ముందుంది ముసళ్ల పండగ” అని ఉంటాడని చెబుతారు. నడి ఏట్లో మడుగులుంటాయి, ముసళ్లు ఉండేది అక్కడే.

నాకు ఈ కథే సబబుగా తోస్తుంది. కారణం ఆ ‘ముందు’ అనే మాట. తెలుగులో ‘ముందు’ అంటే దారిలో ఎదరా అవుతుంది, కాలంలో రాబోయేదీ అవుతుంది. ఏట్లో నడుస్తున్నవాడికి రెండూ ఒకటే: నాలుగడుగుల అవతల ఉన్నదే కాసేపట్లో ఎదురయ్యేది. అలా దారి గురించి చెప్పిన మాట మెల్లగా బతుకు గురించి చెప్పే మాట అయిందని అనుకోవడం కష్టమేమీ కాదు.

మకర సంక్రాంతికీ దీనికీ సంబంధం ఉందంటారు. నిజమేనా?

మకరం అంటే మొసలి కాబట్టి ముసళ్ల పండగ అంటే సంక్రాంతి అని లంకె పెట్టేవాళ్లున్నారు. కొత్త అల్లుడు, బట్టలు, పిండివంటలు, కోడిపందేలు, అన్నీ కలిపి జేబుకు చిల్లు పెట్టే పండగ కాబట్టి కష్టం అనే అర్థం వచ్చిందని వాళ్ల వాదన. వినడానికి సరదాగా ఉంటుంది. కానీ కోస్తాలో సంక్రాంతిని ‘పెద్ద పండగ’ అంటారే తప్ప ‘ముసళ్ల పండగ’ అనడం ఏ ఊళ్లోనూ వినం. పైగా మాటలో ఉన్నది ‘ముసళ్ల’ అని బహువచనం. మకర రాశిలో ఉండేది ఒకే మకరం.

ముసలితనం గురించి చెప్పిన మాట అని ఎక్కడో చదివాను. అదో?

“వయసులో ఉండగా ఎగిరెగిరి పడకు, ముందు ముసలితనం ఉంది” అనే అర్థం లాగుతారు కొందరు. నీతి బాగానే ఉంది, వ్యాకరణం ఒప్పుకోదు. వయసు మళ్లినవాళ్లని ముసలివాళ్లు, ముసలోళ్లు, ముసలాళ్లు అంటాం. ఉత్తినే ‘ముసళ్లు’ అంటే తెలుగువాడికి గుర్తొచ్చేది నీళ్లలో ఉండే జంతువే. ఇంకో సంగతి కూడా ఉంది. ఈ మాట వచ్చే వారం పరీక్షకీ, వచ్చే నెల బిల్లుకీ కూడా పనికొస్తుంది. ముసలితనం ఒక్కదానికే పుట్టిన మాటైతే ఇంత విరివిగా వాడుకలోకి వచ్చేది కాదు.

అసలు మన నదుల్లో ముసళ్లు ఉండేవా?

ఉండేవి, ఇప్పటికీ ఉన్నాయి. సంగారెడ్డి దగ్గర మంజీర అభయారణ్యాన్ని 1978లో ప్రకటించారు. అక్కడ కనిపించేది మగ్గర్ జాతి మొసలి. హైదరాబాద్‌కు తాగునీళ్లిచ్చే జలాశయంలోనే అవి బతుకుతున్నాయని తెలిస్తే చాలామంది ఆశ్చర్యపోతారు. పాల్వంచ దగ్గర కిన్నెరసానిలోనూ ఉన్నాయి. జూరాల పరిసరాల్లో కృష్ణ ఒడ్డున మోటార్ల దగ్గరికి వెళ్లే రైతులకి మొసలి కనపడటం కొత్త కాదు, పొలంలోకి వచ్చినవాటిని అటవీ సిబ్బంది పట్టి మళ్లీ నదిలో వదలడమూ జరుగుతుంటుంది. ఒకప్పుడు చర్మం కోసం వేటాడి దాదాపు తుడిచిపెట్టేశారు. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం, 1975లో మొదలైన మొసళ్ల సంరక్షణ పథకం వల్ల మళ్లీ పుంజుకున్నాయి.

మగ్గర్ స్వభావం తెలిస్తే ఈ మాటలోని భయం కూడా తెలుస్తుంది. ఒళ్లంతా నీళ్లలో దాచి, కళ్లూ ముక్కు రంధ్రాలూ మాత్రం పైకి పెట్టి కదలకుండా ఉంటుంది. ఒడ్డునుంచి చూసేవాడికి తేలుతున్న దుంగలా కనపడుతుంది. వేసవిలో ఏరు చిక్కిపోయాక, మిగిలిన మడుగుల్లోకి అన్నీ వచ్చి చేరతాయి. అంటే నడిచి దాటడానికి అనువుగా ఉందని జనం ఏట్లో దిగే రోజుల్లోనే మడుగు దగ్గర అవి గుంపుగా ఉంటాయన్నమాట. పైకి నీళ్లు ప్రశాంతంగానే ఉంటాయి.

గజేంద్ర మోక్షం కథ వినని తెలుగు పిల్లలు తక్కువ. మడుగులో దిగిన ఏనుగంతటి ఏనుగు కాలు పట్టుకుని లాగింది మొసలి. అలాంటి కథ వింటూ పెరిగినవాళ్లకు ‘ముసళ్ల పండగ’ అనగానే విడమర్చి చెప్పే పని ఉండదు.

ముసళ్లా, మొసళ్లా? పండగా, పండుగా? ఏది ఒప్పు?

నిఘంటువుల్లో మొసలి అని ఉంటుంది, బహువచనం మొసళ్లు. జనం నోట్లో ఈ సామెత మాత్రం ‘ముసళ్ల పండగ’గానే స్థిరపడింది. పుస్తకాల్లో ‘మొసళ్ళ పండుగ’ అని అచ్చేసినా తప్పు కాదు. ళ కింద ళ వత్తు ఇచ్చినా, ల వత్తు ఇచ్చినా పరవాలేదు. ఒకే రచనలో ఒకే రూపం పాటిస్తే చాలు.

ఏ సందర్భానికి బాగా అతుకుతుంది?

ఇల్లు కట్టుకునేవాళ్ల దగ్గర ఈ మాటకు దొరికినంత చోటు ఇంకెక్కడా దొరకదు. పునాది, పిల్లర్లు, సెంట్రింగ్ అన్నీ దాటి స్లాబ్ పడుతుంది. ఆ సాయంత్రం పనివాళ్లకు భోజనాలు పెడతారు. మర్నాడు స్లాబ్ మీద సిమెంటుతో చిన్న చిన్న మళ్లు కట్టి నీళ్లు నిలబెడతారు. ఇంటాయన మెట్లెక్కి ఆ నీళ్లు చూసుకుని “హమ్మయ్య, సగం పైనే అయిపోయింది మేస్త్రీ” అంటాడు. మేస్త్రి తలగుడ్డ విప్పి దులుపుకుంటూ, “అప్పుడే ఏమైంది మాస్టారూ, ముందుంది ముసళ్ల పండగ” అంటాడు.

మేస్త్రి అబద్ధం చెప్పట్లేదు. స్లాబ్ దాకా కావాల్సింది సిమెంటు, ఇసుక, కంకర, ఇనుము, కూలీ. లెక్క సుమారుగా ముందే తెలుస్తుంది. ఆ తర్వాత గోడలు, ప్లాస్టరింగ్, కరెంటు పని, పైపులు, తలుపులు, కిటికీలు, టైల్స్, లప్పం, రంగులు, గ్రిల్స్, గేటు, బోరు, నీళ్ల ట్యాంకు. ఇందులో ప్రతిదానికీ చవక రకం ఉంటుంది, ఖరీదు రకం ఉంటుంది, ఇంట్లో నలుగురికీ నాలుగు రకాలు నచ్చుతాయి. వేపకర్రతో సరిపెడదాం అనుకున్న గుమ్మం టేకు దగ్గరికి వెళ్తుంది. బ్యాంకువాళ్లు పని జరిగిన మేరకే లోన్ విడతలు ఇస్తారు, పనివాళ్లకేమో శనివారానికల్లా డబ్బు కావాలి. స్లాబ్ వేసి ఏళ్ల తరబడి అలా నిలబడిపోయిన ఇళ్లు ప్రతి ఊళ్లోనూ కనిపిస్తాయి. పై నుంచి ఇనుప చువ్వలు పొడుచుకుని ఉంటాయి. “ఇల్లు కట్టి చూడు, పెళ్లి చేసి చూడు” అన్నది ఊరికే కాదు.

ఇంకో ఉదాహరణ విశాఖపట్నం వాళ్లకి బాగా తెలుసు. 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ తుపాను అక్కడ తీరం దాటింది. పొద్దుటి నుంచి చెట్లు విరిచేసిన గాలి, తుపాను కన్ను ఊరి మీదికి వచ్చినప్పుడు ఒక్కసారిగా నెమ్మదించింది. గండం గడిచిందనుకునే క్షణం అది. కన్ను దాటగానే గాలి ఎదురు దిక్కు నుంచి మళ్లీ విరుచుకుపడుతుంది, తుపాను పనిచేసే తీరే అంత. మొదటి గాలికి సగం ఊడి నిలబడ్డవి రెండో గాలికి పడిపోతాయి. అలాంటి వేళ తలుపు తీసి రోడ్డెక్కబోయే కుర్రాణ్ని ఒక పెద్దాయన “ఒరేయ్, లోపలికి రా, ముందుంది ముసళ్ల పండగ” అని ఆపితే, ఈ సామెతకు అంతకంటే మంచి వాడుక నాకు తోచదు. ప్రాణం కాపాడే మాట అది.

ఎండలకూ బాగా కుదురుతుంది. మార్చి నెలాఖరుకే “అబ్బా, ఏం ఎండలు” అంటూ కూర్చుంటే, రెంటచింతలలోనో రామగుండంలోనో పుట్టి పెరిగినవాళ్లు రోహిణి కార్తె గుర్తు చేస్తారు. మే 25 ప్రాంతంలో మొదలై జూన్ మొదటి వారం దాకా ఉండే ఆ రోజుల్లో రోళ్లు పగులుతాయని వేరే సామెతే ఉంది.

ఎక్కడ వాడకూడదు?

అప్పటికే మునిగిపోయిన మనిషి దగ్గర వాడకూడదు. దీన్ని మాత్రం గట్టిగా చెబుతాను. పెద్ద జబ్బు బయటపడి మొదటి కీమోథెరపీ చేయించుకుని వచ్చిన మనిషితో, భర్త పోయి నెల తిరగని ఆమెతో, పంట కోతకొచ్చాక తుపానుకు చేనంతా నేలవాలిన రైతుతో ఈ మాట అనేవాళ్లు ఉన్నారు. “ఇప్పుడేమైంది, పిల్లల చదువులు, పెళ్లిళ్లు, ముందుంది ముసళ్ల పండగ” అని పరామర్శకు వెళ్లి మరీ అంటారు. వాళ్లు చెడ్డవాళ్లు కారు, లోకం తీరు చెబుతున్నాం అనుకుంటారు. కానీ వినేవాళ్లకు ఇప్పటి కష్టం చిన్నది కాదు. దాన్ని చిన్నది చేసి మాట్లాడినట్టవుతుంది.

1977 నవంబర్ 19 నాటి దివిసీమ ఉప్పెన లాంటి విషాదాల గురించి రాసేటప్పుడు కూడా దీన్ని వాడకండి. గాలి తర్వాత సముద్రం వచ్చిందని చెప్పడానికి అర్థం సరిపోతుంది కాబట్టి చెయ్యి అటు పోతుంది. కానీ వేల మంది పోయిన చోట ‘పండగ’ అనే మాట కలం నుంచి రాకూడదు.

“ముందు నుయ్యి వెనుక గొయ్యి”, “పెనం మీద నుంచి పొయ్యిలో పడ్డట్టు”, ఇవన్నీ ఒకటేనా?

కాదు. నుయ్యి, గొయ్యి అన్నప్పుడు ఎటు కదిలినా దెబ్బే, దారి లేదు. పెనం, పొయ్యి అన్నప్పుడు తప్పించుకోబోయి ఇంకా పెద్దదాంట్లో పడ్డాం, అది జరిగిపోయింది కూడా. “గోరుచుట్టు మీద రోకటి పోటు” అంటే నొప్పి ఉన్న చోటే ఇంకో దెబ్బ. “మూలిగే నక్క మీద తాటిపండు పడ్డట్టు” అంటే అసలే నీరసంగా ఉన్నవాడికి మరో కష్టం.

ఇవన్నీ జరిగినదాన్నో జరుగుతున్నదాన్నో చెబుతాయి. “ముందుంది ముసళ్ల పండగ” ఒక్కటే జరగబోయేదాన్ని చెబుతుంది. అంటే దీంట్లో ఇంకా టైముంది. ఏట్లో సగం దూరంలోనే ఉన్నాం, వెనక్కి రావచ్చు, కర్ర పట్టుకోవచ్చు, పడవ పిలవచ్చు. ఈ సామెతలో నాకు నచ్చేది అదే.

పెద్దవాళ్లతో అనొచ్చా?

చనువు ఉంటే అనొచ్చు. మామూలుగా ఇది అనుభవం ఉన్నవాళ్లు లేనివాళ్లతో అనే మాట. అక్క చెల్లెలితో, సీనియర్ జూనియర్‌తో, పాత అద్దెదారు కొత్తగా దిగినవాళ్లతో అంటారు. చిన్నవాళ్లు పెద్దవాళ్లతో అంటే ‘నీకు తెలియదు, నాకు తెలుసు’ అన్న ధ్వని వస్తుంది. మేస్త్రి ‘మాస్టారూ’ అంటూ అనగలిగాడంటే, ఆ పనిలో ఆయనే అనుభవం ఉన్నవాడు కాబట్టి. అత్తగారితోనో, పై ఆఫీసరుతోనో మాట్లాడేటప్పుడు “ఇంకా పెద్ద ఖర్చులు ముందున్నాయండి” అని మామూలుగా చెప్పేస్తే మేలు.

పిల్లల్ని భయపెట్టడానికి వాడుతుంటారు. సరైనదేనా?

“మీ నాన్నని రానీ, ముందుంది నీకు ముసళ్ల పండగ” అనడం ప్రతి ఇంట్లో ఉన్నదే. ‘నీకు’ అని చేర్చేసరికి హెచ్చరిక కాస్తా బెదిరింపు అవుతుంది. వాడుకలో ఉంది కాబట్టి భాషాపరంగా తప్పు పట్టలేం. కానీ పదో తరగతి పిల్లలకి ఇంటర్ అని, ఇంటర్ పిల్లలకి ఎంట్రన్స్ అని, ఎంట్రన్స్ రాశాక ఉద్యోగం అని ఏడాదికోసారి ఇదే మాట అంటూ పోతే, చదువంటే ముసళ్ల మడుగే అనుకుంటారు పిల్లలు. ఏం రాబోతోందో, దానికి ఏం చేయాలో చెప్పగలిగినప్పుడే అనండి. లెక్కల్లో ఫలానా చాప్టర్లు కష్టం, సెలవుల్లోనే మొదలుపెడదాం అని కలిపి చెబితే అదే మాట సాయం అవుతుంది.

వార్తల శీర్షికల్లో తెగ కనిపిస్తుంది. శీర్షికగా మంచిదేనా?

పొట్టిగా ఉంటుంది, వెంటనే కంటపడుతుంది, ఎండలకీ ధరలకీ కరెంటు బిల్లులకీ క్రికెట్ టూర్లకీ దేనికైనా సరిపోతుంది. అందువల్లే అరిగిపోయింది. కింద వార్తలో ఏం రాబోతోందో, ఎప్పుడో, ఎవరికో స్పష్టంగా ఉంటే శీర్షిక నిలబడుతుంది. అది లేకపోతే జనాన్ని ఉత్త పుణ్యానికి కంగారుపెట్టినట్టే. 2020లో కరోనా మొదటి ఉధృతి తగ్గాక ఈ మాట ఎన్నోసార్లు విన్నాం. 2021 ఏప్రిల్, మే నెలల్లో వచ్చిందేమిటో అందరం చూశాం. ఆ నడుమ నెలల్లో ఆక్సిజన్ గురించి, బెడ్ల గురించి రాసినవాళ్ల హెచ్చరికే హెచ్చరిక.

వాక్యంలో ఎలా మారుస్తూ వాడొచ్చు?

ముందు + ఉంది = ముందుంది, ఉత్వ సంధి. ఇది వాక్యంగా తనంత తాను నిలబడుతుంది, అందుకే ఎక్కువగా మాట చివర వస్తుంది. “అసలు ముసళ్ల పండగ ముందుంది” అని తిప్పినా బాగుంటుంది. “ముందు ముందు ముసళ్ల పండగే” అనీ అంటారు. “ముందున్న ముసళ్ల పండగ తలచుకుంటే నిద్ర పట్టట్లేదు” అని విశేషణంగా మార్చొచ్చు. భూతకాలంలో మాత్రం ఇమడదు. “నిరుడు మాకు ముసళ్ల పండగ జరిగింది” అంటే తెలుగు చెవికి ఎబ్బెట్టుగా ఉంటుంది. ‘ముందు’ పోతే దీని ప్రాణం పోయినట్టే.

ఇది సామెతా, జాతీయమా? పరీక్షలో ఏమని రాయాలి?

పూర్తి వాక్యంగా ఉంది కాబట్టి సామెత అనడమే సబబు. ‘ముసళ్ల పండగ’ అన్న ముక్కని విడిగా తీసుకుంటే జాతీయంలా పనిచేస్తుంది. మీ పాఠ్యపుస్తకం ఏ జాబితాలో పెట్టిందో అదే రాయండి, మార్కుల దగ్గర వాదన వద్దు.

సొంత వాక్యం రాయమన్నప్పుడు “ముందుంది ముసళ్ల పండగ అని పెద్దలు అంటారు” అని రాస్తే అర్థం తెలిసినట్టు కాదు. రెండు కష్టాలూ కనపడేలా రాయండి. “నాట్లు వేయడానికే ఇంత అలసిపోతే ఎలా, కలుపు తీతలు, కోతలు రానీ, ముందుంది ముసళ్ల పండగ అన్నాడు తాత.” ఇలా రాస్తే ఏ టీచరూ మార్కు కొయ్యరు.

విదేశాల్లో పెరుగుతున్న మా పిల్లలకి ఎలా నేర్పాలి?

అర్థం చెప్పి కంఠస్థం చేయించకండి. వాళ్ల రోజుల్లోంచే సందర్భం వెతకండి. చికాగో లాంటి ఊళ్లో అక్టోబర్ చలికే స్వెటర్ మీద స్వెటర్ వేసుకుని వణుకుతున్న కొత్త తెలుగు స్టూడెంట్ ఇంటికొస్తే, “అన్నయ్యా, జనవరి చూడలేదుగా, ముందుంది ముసళ్ల పండగ” అని మీ అమ్మాయి చేత అనిపించండి. ఒక్కసారి ఎదుటివాళ్లు నవ్వారంటే ఇక మరిచిపోదు. చిన్నపిల్లలకైతే ముందు మొసలి ఎలా దాక్కుంటుందో బొమ్మ గీసి చూపించండి.

దీనికి వ్యతిరేకమైన మాట ఉందా?

“మంచి రోజులు ముందున్నాయి” అంటాం. ఆసుపత్రిలో, చావింట్లో, ఉద్యోగం పోయిన ఇంట్లో పలకాల్సిన ‘ముందు’ అది. కొత్తగా ఇల్లు మొదలుపెట్టినవాళ్ల దగ్గర, పరీక్షలకు నెల ముందు టీవీ చూస్తూ కూర్చున్న కుర్రాడి దగ్గర, నడి ఏట్లోకి ఉషారుగా దిగుతున్నవాళ్ల దగ్గర ముసళ్ల మాటే పలకండి.